నాంచారమ్మ మెడలో గిల్టు తాళి

నేను ఒక గిల్టు తాళిని. పుట్టింది చిలకలపూడిలో. రాగి బిళ్ల మీద బంగారు పూత పూసి డజన్ల లెక్కన అమ్మారు. హైదరాబాదులో నటీమణులకు చీరలూ నగలూ అందించే సత్తెమ్మ రేకుపెట్టెలోకి చేరాను. నన్ను ఎంతమంది కట్టారో, షాటు అవగానే ఎంతమంది విప్పి పారేశారో గుర్తులేదు.

ఎక్కువకాలం ఉన్నది నాంచారమ్మ మెడలో. అవనిగడ్డ పిల్ల. సినిమావాళ్లు చారులేఖ అని పేరు మార్చారు. కథానాయిక వెనక నవ్వే స్నేహితురాలిగా నాలుగేళ్లు, విలన్ చేతిలో చచ్చే చెల్లెలిగా మూడేళ్లు. ముప్పై దాటగానే సినిమా ఆమెను మరిచిపోయింది. తరువాత టీవీ. ఒకే సీరియల్లో పదకొండేళ్లు పెద్దింటి ఇల్లాలు. రోజూ తన సొంత తాళిని జాకెట్లోకి దోపుకుని నన్ను పైకి వేసుకునేది. షూటింగు చూడటానికి వచ్చిన ఆడవాళ్లు నన్నే కళ్లకద్దుకునేవారు.

మొన్న శ్రావణంలో ఆమె భర్త గుండెపోటుతో పోయాడు. పెద్దకర్మ మర్నాడే పనిలోకి వచ్చింది. రాకపోతే వేషం పోతుందని భయం.

సత్తెమ్మ నన్ను పట్టుకుని నిలబడిపోయింది.

"వెయ్యవే, టైమవుతోంది."

"నా చేత్తో వెయ్యలేనమ్మా. ఏమనుకోకు."

"గిల్టుదే కదే!"

"గిల్టుదైనా తాళే కదమ్మా."

నాంచారమ్మ తనే వేసుకుంది. ఆ రోజు పేరంటం సీను. పక్కన కూర్చోవలసినవాళ్లు దూరంగా జరిగారు. పదకొండేళ్లు ఆమె తెచ్చిన గోంగూర పచ్చడి తిన్నవాళ్లే.

మధ్యాహ్నం డైరెక్టరు వచ్చాడు.

"అక్కా, నీ మెడలో తాళి చూసి ఆర్టిస్టులు పక్కన కూర్చోబోమంటున్నారు. సీరియల్లో మీ ఆయన్ని తీసేస్తున్నాం. ఫొటోకి దండ వేసేద్దాం. నీకు తెల్లచీర. నెలకి రెండ్రోజులు వస్తే చాలు."

"వారానికి ఆరు రోజులు వచ్చేదాన్ని రా."

"విధవరాలికి సీన్లేముంటాయక్కా?"

"ఒకాయన్ని పంపి వచ్చాను. ఈయన్నైనా ఉండనీ, బాబూ."

చావవలసినవాడు పక్క కుర్చీలోనే పెసరట్టు తింటున్నాడు. వేరే సీరియల్ దొరికిందట. తల ఎత్తకుండా ఇంకాస్త చట్నీ అడిగాడు.

సాయంత్రం నన్ను తీసే సీను. ముగ్గురు ముసలమ్మలు చుట్టూ చేరారు. వాళ్ల చెయ్యి పడకముందే నాంచారమ్మ నన్ను తీసేసింది. కంట్లో చుక్క లేదు.

"ఏడవాలక్కా!"

"ఇంట్లో ఏడ్చాను. ఇక్కడ నావల్ల కాదు."

నన్ను డైరెక్టరు చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

వారం తిరక్కుండా సీరియల్ ఇంట్లో ఆయన ఫొటో పక్కనే ఆమె ఫొటోకీ దండ వేశారు. సత్తెమ్మ నన్ను పసుపునీళ్లతో కడిగింది. ఆదివారం సీరియల్లో కొత్త కోడలి పెళ్లి. నన్నే కడతారట.