ఇద్దరూ వదులుకున్న పిల్ల

ఆ శనివారం పొద్దున్నే మా హిలో ఊరి సముద్రతీరంలో దీవి స్కూళ్ళ మధ్య పడవ పందేలు. అదే పొద్దున బడిలో నకసోనే సారు పెట్టిన కెమిస్ట్రీ పరీక్ష. రెండూ ఒకే రోజున ఎవరు పెట్టారని నన్నడక్కండి. మా ఊళ్ళో క్రీడల క్యాలెండరూ చదువుల క్యాలెండరూ ఒకదాని మొహం ఒకటి చూసుకోవు. ఆ కెమిస్ట్రీ మామూలుది కాదు, కాలేజీ స్థాయిది. పరీక్ష తప్పినవాళ్ళనూ ఎగ్గొట్టినవాళ్ళనూ మామూలు క్లాసులోకి దించేస్తానని సారు ముందే చెప్పి ఉంచాడు.

పదకొండో తరగతి ఇవలానీ రెండు చోట్లా కావలసిన మనిషి. పడవలో ఆరుగురు అమ్మాయిలు తెడ్లు వేస్తే, చిట్టచివరి ఆరో సీటులో కూచుని పడవను నడిపేది ఆమే. కెమిస్ట్రీ క్లాసులో కిటికీ పక్క సీటూ ఆమెదే. పందెమా పరీక్షా అని రెండు వారాలుగా ఆ పిల్లకు బుర్ర పనిచేయడం లేదు. పడవలో ఉంటే సమీకరణాలు గుర్తొచ్చి పడవ పక్కదారి పట్టేది. క్లాసులో ఉంటే బయట గాలి ఎటు వీస్తోందో అని చూపు కిటికీ మీదే ఉండేది. ఇంట్లో అడిగితే, నీ ఇష్టం తల్లీ అన్నారు. అంతకన్నా పనికిమాలిన సలహా ఇంకోటి ఉంటుందా? ఇష్టమేదో తెలిస్తే వాళ్ళనెందుకు అడుగుతుంది?

గురువారం బడి వదిలాక, ఏదో ఒకటి తేల్చుకుందామని నకసోనే సారు గదికి వెళ్ళింది. ఆమె నోరు తెరవకముందే ఆయన నవ్వుతూ కుర్చీ చూపించాడు. శనివారం పందెం ఉందని తనకు తెలుసుననీ, పరీక్షకు రానక్కర్లేదనీ, ఆఫీసులో మాట్లాడి ఆమెను మామూలు క్లాసులోకి మార్పించేశాననీ, ఇక బెంగ లేకుండా పడవ నడుపుకోమనీ చెప్పాడు. ఎంతో మేలు చేసినట్టు ఉంది ఆయన మొహం. ఇవలానీ అడగడానికొచ్చింది అది కాదు. అయినా పెద్దవాళ్ళు ఏదైనా చేతిలో పెడితే కాదనడం మా పిల్లలకు నేర్పలేదు. థాంక్యూ సార్ అని బయటపడింది.

పోనీ, పడవైనా మిగిలింది కదా అని తీరానికి పరుగెత్తింది. అక్కడ ఆరో సీటులో కేయాలా కూచుని ఉంది. కేయాలా ఇవలానీకి పిన్ని కూతురు, ఆమె ఈడుదే. రెండేళ్ళుగా రెండో జట్టులోనే తెడ్డు వేస్తోంది. కోచ్ నాపువా ఆంటీ ఇవలానీ భుజం మీద చెయ్యి వేసి పక్కకు తీసుకెళ్ళింది.

"నీకు పరీక్ష కదమ్మా. ఈసారికి కేయాలా నడుపుతుందిలే. నువ్వు హాయిగా చదువుకో. పడవ ఎక్కడికీ పోదు."

ఇవలానీ ఆవిడక్కూడా థాంక్యూ చెప్పింది. అలవాటు అంత చెడ్డది మరి.

ఆ సాయంత్రం ఇవలానీ టూటూ దగ్గర, వంటింట్లో ఏడుస్తూ కూచుంది. టూటూ ఆమె అమ్మమ్మ. మనవరాలు చెప్పిందంతా విని ఆవిడ ముందు బిత్తరపోయింది, తర్వాత పడీ పడీ నవ్వింది. బుధవారం చేపల కొట్టులో ఆ కోచూ ఆ సారూ ఎదురుపడ్డప్పుడు తను పక్కనే ఉందట. శనివారం ఆ పిల్లను నువ్వే ఉంచుకో అని ఆంటీ, అబ్బే నీ పడవకు కావాలి నువ్వే తీసుకో అని ఆయన. పావుగంట సేపు ఒకరికొకరు దండాలు పెట్టుకుని, మాట తేలకుండానే చేపలు పట్టుకుని ఎవరిదారిన వాళ్ళు వెళ్ళారట.

మా హిలోవాళ్ళ సంగతే అంత. విందులో పళ్ళెం నిండా మోచీ మిఠాయి పెట్టండి, క్షణంలో ఖాళీ చేస్తారు. చివరి ముక్క మాత్రం ఎవరూ ముట్టరు. నువ్వు తిను అంటే నువ్వు తిను అని తోసుకుంటూ ఉంటారు, అది ఎండిపోయి చెత్తబుట్టలోకి పోతుంది. మర్యాద అంటే మాకు ప్రాణం. ముక్క సంగతి ఎవడిక్కావాలి?

"వాళ్ళిద్దరూ ఇచ్చేశామనుకుంటున్నారు. తీసుకున్నవాళ్ళు లేరు. వెళ్ళి నోరు విప్పి అడుగు," అంది టూటూ.

"ఏది అడగను?"

"అది నేనెలా చెప్పనే?"

"నాకూ తెలీదు టూటూ. అయిదు నిమిషాలు పడవ కావాలనిపిస్తుంది, అయిదు నిమిషాలు క్లాసు. రెండూ పోయాక రెండూ కావాలనిపిస్తోంది."

టూటూ అన్నం పెట్టింది.

మర్నాడు సాయంత్రం, ముందు తట్టినదే అడుగుదామని తీరానికి వెళ్ళింది. నా సీటు నాకివ్వండి అని దారంతా లోపల వల్లించుకుంది. కానీ ఆంటీ కన్నా ముందు కేయాలా ఎదురొచ్చి గట్టిగా వాటేసుకుంది. దాని అరచేతుల నిండా కొత్త బొబ్బలు.

"నాకోసమే వదులుకున్నావట కదే? ఆంటీ చెప్పింది. నువ్వు ఒప్పుకోవనుకున్నా తెలుసా."

ఇవలానీ ఆ బొబ్బల వంక చూసింది. బాగా నడుపు, మలుపు దగ్గర గాలి తోస్తుంది చూసుకో అని మాత్రం చెప్పి వెనక్కి వచ్చేసింది. ఇంటికెళ్ళే దాకా తనను తాను తిట్టుకుంటూనే ఉంది. ఆంటీనీ సారునీ తప్పుపట్టిన తనే, చేతిలోదాన్ని నవ్వుతూ ఇచ్చి వచ్చింది. పైగా కేయాలా మీద అసూయ. అది ఓడిపోతే బావుణ్ణనిపించింది, వెంటనే ఆ ఊహకు సిగ్గేసింది.

శనివారం చేయాల్సిన పని లేదు, అయినా ఇంట్లో కూచోలేక బస్సెక్కింది. బస్సు ముందు తీరం మీదుగా, తర్వాత బడి మీదుగా పోతుంది. వానలోనే జనం, గుడారాలు, ఇసుక మీద వరసగా పడవలు. దిగాలనుకుంది. డ్రైవరు బస్సు ఆపి అద్దంలోంచి ఆమె వంక చూశాడు కూడా. ఆమె దిగలేదు.

బడిలో కెమిస్ట్రీ గదిలో పిల్లలు అప్పటికే తలలు వంచుకుని రాస్తున్నారు. కిటికీ పక్క సీటు ఖాళీగా ఉంది. తిన్నగా వెళ్ళి కూచుంది. నకసోనే సారు కంగారుగా దగ్గరికొచ్చి వంగి, పందెం మానేశావా అని గుసగుసగా అడిగాడు. నాపువా ఆంటీ కూడా తనను వదిలేసిన సంగతి ఆమె చెప్పింది. ఆయన మొహం పాలిపోయింది.

"అయ్యో. నిన్ను ఆవిడకి ఇచ్చేశాననుకున్నానే. అయితే నీకు ఇదే కావాలనిపించిందన్నమాట."

"తెలీదు సార్. అక్కడ నా సీట్లో కేయాలా ఉంది, ఇక్కడ ఎవరూ లేరు. అందుకే వచ్చానేమో."

ఆయన గడియారం చూసుకున్నాడు. పాపం, మళ్ళీ అదే మర్యాద ముంచుకొచ్చింది ఆయనకు.

"ఇంకా టైముందమ్మా. వీళ్ళని పక్క గది టీచరు చూసుకుంటుంది. నేనే కార్లో దింపుతాను, ఆంటీతో నేను మాట్లాడతాను, నువ్వేం మొహమాటపడకు..."

ఇవలానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కవాళ్ళు తలెత్తి చూస్తున్నా ఆమె గొంతు తగ్గించలేదు.

"సార్, నాకేం కావాలో నాకు తెలీడం లేదు. మీరు పొమ్మంటారు, ఆవిడ పొమ్మంటుంది. ఒక్కళ్ళయినా ఉండమంటే బావుణ్ణు."

ఎవరినైనా తనకోసం అట్టేపెట్టుకోవడం సారుకు బొత్తిగా చేతగాని పని. అయినా ప్రశ్నపత్రం తెచ్చి ఆమె ముందు పెట్టి, దాని మీంచి చెయ్యి తీయకుండానే అన్నాడు.

"ఉండు."