తెగిన చోటల్లా తప్పే

తెల్లారి ఆరు కొట్టేసరికి ధర్మవరంలోని ఆ వీధిలో మగ్గాలన్నీ మొదలవుతాయి. ఓబులమ్మ కూడా మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చుంటుంది. ఆమె మగ్గం దగ్గర తప్పుమాట పలికితే పట్టుపోగు తెగుతుంది. అందుకే ఎన్నికల రోజుల్లో ఆ ఇంట్లో టీవీ పెట్టరు.

మనవరాలు సాయిసుధ ఎమ్మేలో ఎకనామెట్రిక్స్ పేపరు రెండుసార్లు తప్పింది. ఇదే ఆఖరి అవకాశం, పోతే రెండేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. యూట్యూబ్ పాఠాలు, పాత ప్రశ్నపత్రాలు, సీనియర్ ఉమాశంకర్ నోట్సు జిరాక్సు ముందేసుకుని అవ్వ పక్కనే గట్టిగా బట్టీ పడుతోంది.

"ఎర్రర్ల వేరియన్స్ సమానంగా లేకపోతే అంచనాలు బయాస్ అవుతాయి, అంటే సగటున తప్పుతాయి..."

టప్పున పోగు తెగింది. ఓబులమ్మ అతికింది. మళ్లీ చదివితే మళ్లీ తెగింది.

"ఆ మాట సదవాకు పాపా, చీర పాడైతాండాది."

"ఇది ఫస్ట్ ర్యాంకోడు రాసిన నోట్సు అవ్వా!"

"ర్యాంకు సంగతి పోగుకేం తెలుస్తాదమ్మా?"

సుధ అలిగి మిద్దెక్కింది. మధ్యాహ్నం లైబ్రరీ పుస్తకం పట్టుకుని, మొహం పాలిపోయి దిగివచ్చింది. "అంచనాలు సగటున సరిగానే ఉంటాయంట అవ్వా. వాటిని ఎంత నమ్మొచ్చో చెప్పే లెక్కే తప్పుతాదంట." పోగు కదల్లేదు. రెండుసార్లూ ఆ తప్పే రాసొచ్చింది పిచ్చిపిల్ల.

ఇక పదిరోజులు నోట్సంతా మగ్గం ముందే చదివింది. తెగిన చోటల్లా ఎర్రపెన్నుతో కొట్టేసింది. చీర ఆలస్యమైనా ఓబులమ్మ పల్లెత్తు మాట అనలేదు.

పరీక్ష రోజు సుధ పెనుకొండ మీదుగా హిందూపురం బస్సెక్కి వెళ్లింది. పదకొండు గంటలప్పుడు, ఇంట్లో ఎవరూ నోరు విప్పకుండానే పోగు తెగింది. సుధ అక్కడ తప్పు రాస్తోందని ఓబులమ్మకు తట్టింది. రెండేళ్లు తప్పుకు అలవాటైన చెయ్యి కదా! రెండు కొసలూ అరచేతిలో పట్టుకుని, "కొట్టేయమ్మా, కొట్టేసి రాయి" అంది. కాసేపటికి కొసలు మెల్లగా కదిలి ఒకటయ్యాయి, ముడైనా లేదు. అరవయ్యేళ్లుగా నేస్తున్నా అలాంటిది ఆమె చూసి ఎరగదు. కళ్లు చెమర్చి, మగ్గానికి చేతులెత్తి మొక్కింది.

సాయంత్రం సుధ చెప్పులు విడుస్తూనే అంది: "ఒక జవాబులో పాత మాటే రాసేసినా అవ్వా. ఎందుకో చెయ్యి ఆగిపాయ. కొట్టేసి మళ్లా రాసినా."

ఓబులమ్మ మనవరాలిని మగ్గం దగ్గరికి పిలిచింది.

సుధ పడుగు పోగుల వంకే చూస్తూ అంది: "ఈసారి నేను పాసైతాను."

ఇద్దరూ ఊపిరి బిగబట్టారు. ఒక్క పోగూ తెగలేదు.