పుల్ల బిళ్లలు తిన్న పళ్లు

అన్న జోజప్పను సమాధి చేసి వచ్చిన రోజునే మరియదాసు గుట్కా మానేశాడు. యానాం చెరువుల నుంచి కాకినాడకు రొయ్యల వ్యాను తోలేవాడు. నోట్లో ఏదీ లేకపోతే స్టీరింగు మీద చేతులు నిలిచేవి కావు. అందుకని పుల్ల బిళ్లలు పట్టాడు. పైన పొడి అద్దిన రంగు బిళ్లలవి. నాలుక మీద పెడితే కళ్లు మూసుకుపోయేంత పులుపు. ఒకటి కరిగేలోపు ఇంకొకటి బుగ్గన పెట్టేవాడు. పిల్లలు తినే సరుకేగా, దీంతో ఏం ముప్పని ధీమా. ఇంటికి రాగానే ఆ బంక పోవాలని పళ్లు పరపరా తోమేవాడు.

ఏడాది తిరిగేసరికి చల్లనీళ్లు తాగితే పళ్లు జివ్వుమనసాగాయి. ఒకరోజు వ్యాను అద్దంలో చూసుకుని ఉలిక్కిపడ్డాడు. ముందు పళ్ల అంచులు గాజుపెంకుల్లా పల్చబడ్డాయి. వేలితో బుగ్గ లాగి చూస్తే లోపల తెల్లటి మచ్చ.

నోటి క్యాన్సరుతో పోయిన జోజప్పకూ మొదట అలాంటి మచ్చే. "పొక్కులేరా" అని నవ్వేశాడు. చివరికి గంజి కూడా గొట్టంలోంచే పోశారు.

ఆ రోజు నుంచి మరియదాసు నాలుక ఆ మచ్చను వదల్లేదు. భార్య ఫిలోమినాకు చెప్పలేదు. పైకి అంటే నిజమైపోతుందేమోనని భయం. కూతురు ముద్దు పెట్టబోతే మొహం తిప్పేసుకునేవాడు. భయం పెరిగేకొద్దీ బిళ్లలూ పెరిగాయి.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి జంతిక కొరికాడు. టక్కుమంది. అరచేతిలోకి ఉమ్మితే పంటి ముక్క.

"ఏటయ్యా అది?" ఫిలోమినా దగ్గరికొచ్చింది.

"అన్నయ్య రోగమేనే" అన్నాడు. "నాకూ వచ్చేసింది."

ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా కసిరింది. "నోర్ముయ్. డాక్టరమ్మ చెప్పాలిగానీ నువ్వు చెప్పేదేటి?"

మర్నాడు పళ్ల డాక్టరు శిరీష దగ్గర కుర్చీలో వెనక్కి వాలాడు. ఆమె చిన్న అద్దం పెట్టి పళ్లన్నీ చూసింది. బుగ్గ దగ్గర అద్దం ఆగిపోయింది.

"గుట్కా వేస్తారా?"

"మానేశానమ్మా."

"మరి నోట్లో ఏం పెట్టుకుంటున్నారు?"

జేబులోంచి పొట్లం తీశాడు. శిరీష తల పంకించింది.

"పళ్ల సంగతి ఇదేనండి. ఇందులో పులుపు కోసం వేసే ఆమ్లం పంటి పైపొరను, ఎనామిల్‌ని, మెత్తబరుస్తుంది. కాసేపు వదిలేస్తే నోట్లోని లాలాజలమే దాన్ని మళ్లీ గట్టిపరుస్తుంది. మీరు ఆ టైమివ్వలేదు. పైగా మెత్తగా ఉన్నప్పుడే బ్రష్షుతో గీకేశారు."

"మళ్లీ పెరుగుద్దాండి?"

"పోయిన పొర రాదండి. ఉన్నదాన్ని ఫ్లోరైడ్ పూతతో, పేస్టుతో కాపాడుకోవచ్చు. విరిగినచోట పంటి రంగు సిమెంటుతో కడతాను. బిళ్లలు మానెయ్యండి. పుల్లటిది ఎప్పుడన్నా తింటే నీళ్లతో పుక్కిలించండి. గంట దాకా బ్రష్ ముట్టుకోవద్దు."

"మచ్చ సంగతేటమ్మా?" పక్కనే నిలబడ్డ ఫిలోమినా అడిగింది.

"బిళ్ల ఎప్పుడూ అక్కడే పెడుతున్నారు కదా, పులుపుకి ఒరుసుకుపోయి ఉండొచ్చు. గుట్కా వాడిన నోరు కాబట్టి ఇప్పుడే ఏమీ కాదని చెప్పలేను. రెండు వారాలు చూద్దాం. తగ్గకపోతే ముక్క తీసి పరీక్షకి పంపుదాం."

ఆ రెండు వారాలు ఇద్దరికీ కంటిమీద కునుకు లేదు. మరియదాసు బిళ్ల ముట్టలేదు. మనసు లాగినప్పుడల్లా వ్యాను పక్కకి ఆపి గుక్కెడు నీళ్లు తాగేవాడు. ఫిలోమినా రోజూ ఫోను లైటు వేసి బుగ్గలోకి చూసేది. "తగ్గిందా?" అనడిగితే "తగ్గుతున్నట్టే ఉంది" అనేది. ఆ మాట తనకు ధైర్యం చెప్పడానికి అంటోందో, నిజమో అతనికి తెలిసేది కాదు.

గడువు నాటికి శిరీష మళ్లీ అద్దం పెట్టి బుగ్గంతా తడిమి చూసింది.

"పోయిందండి. శుభ్రంగా మానిపోయింది. ఆర్నెల్లకోసారి మాత్రం వచ్చి చూపించుకోండి."

ఫిలోమినా కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మరియదాసు కుర్చీలోంచి లేవలేదు. కట్టిన పన్ను నాలుకతో తడుముకుని, మళ్లీ నోరు తెరిచాడు.

"ఆ రెండో బుగ్గ కూడా ఓసారి చూడండమ్మా."