అర బకెట్టు డిస్టెంపర్

గోడ కడగకుండా సున్నం వేయడం జ్ఞానమ్మ ఇంటా వంటా లేదు. ఏటా క్రిస్మస్‌కి వారం ముందే కాలవలోంచి నాలుగు బిందెల నీళ్ళు తెచ్చి, కొబ్బరి పీచుతో గోడంతా రుద్ది, పాత పెచ్చులు రాల్చి, ఒక పూట ఆరనిచ్చి, అప్పుడు కుంచె పట్టేది. రాజమండ్రిలో ఆ కాలవగట్టు మీద అరవై పాకలుంటే, ముందువైపు ఇటుక గోడ ఉన్నది ఆమె పాకకే. పద్నాలుగేళ్ళ కిందట, మొగుడు జీవరాజు ఇంకా రిక్షా తొక్కగలిగిన రోజుల్లో, మేడలు కట్టేచోట పగిలిన ఇటుకలు ఏరుకొచ్చి పేర్చిన గోడ అది.

ఆ ఏడు సున్నానికి బదులు డిస్టెంపర్ దొరికింది. ఆమె పదకొండేళ్ళుగా అంట్లు తోమే రత్నమాణిక్యంగారింట్లో కూతురి నిశ్చితార్థానికని మేడంతా రంగులు వేయించారు. అర బకెట్టు మిగిలింది. మీగడ రంగు.

"పారబొయ్యడం ఎందుకే, పట్టుకెళ్ళు. పండక్కి వేసుకుందువుగాని" అంది రత్నమాణిక్యం.

గోడ మీద అప్పటికే ఒక నెంబరు ఉంది. నవంబరులో మునిసిపాలిటీవాళ్ళు వచ్చి, ఎర్ర జాజు కలిపిన డబ్బాలో కుంచె ముంచి, ప్రతి పాక మీదా ఒక అంకె వేసి వెళ్ళారు. వచ్చే పుష్కరాలకి గట్టు మీద రోడ్డు వెడల్పు చేస్తారట. పాకలు తీసేసి, అందరికీ ఊరి బయట ఇళ్ళ పట్టాలిస్తారట. జ్ఞానమ్మ గోడకి నలభై ఏడు పడింది. "రాసేసుకున్నాం, ఇంక మీకు భయం లేదు" అన్నాడు వార్డు గుమాస్తా లోవరాజు.

ఆ మాట ఆమెకి చాలింది. పుస్తకంలోకి ఎక్కాక గోడ మీద దానికేం పని? ప్రభువు పుట్టిన రోజున వాకిట్లో ఆ ఎర్ర మరకేంటని, మిగతా గోడకంటే అక్కడే రెండు చేతులు ఎక్కువ వేసి రుద్దింది. పండగనాడు ఆ గోడ మేడవాళ్ళ ప్రహరీలా మెరిసింది.

డిసెంబరు ముప్పయ్యో తారీఖున లోవరాజు మళ్ళీ వచ్చాడు. ఈసారి పేర్లు రాసుకుని చీటీలు ఇస్తున్నాడు. నలభై ఆరు దగ్గర సూరమ్మకి ఇచ్చాడు. జ్ఞానమ్మ వాకిట్లో ఆగి గోడకేసి చూశాడు.

"నెంబరేదమ్మా?"

"నలభై ఏడండి. పండక్కి కడిగేనండి."

"కడిగేవా? ఎందుక్కడిగేవు?"

"కడక్కుండా వేస్తే రంగు పట్టదు కదండి."

లోవరాజు నవ్వలేదు. "నా పుస్తకంలో నెంబర్లే ఉన్నాయి, పేర్లిప్పుడు రాస్తున్నాను. నెంబరు లేకపోతే కొత్తగా వేసిన పాక అని రాయాలి. పైగా రంగు చూస్తే నిన్న కట్టినట్టుంది."

"ఇటు నలభై ఆరండి, అటు నలభై ఎనిమిదండి. మజ్జిన నేను కాక ఇంకెవరుంటారండి?"

"అలాగనే నిన్న అవతల గట్టు మీద ఒకడు రెండు పాకల సందులో తాటాకులు కప్పి, చెరిగిపోయిన నెంబరు నాదేనన్నాడు. రేషను కార్డుందా?"

ఉంది. మండపేట అవతల అత్తగారి ఊళ్ళో, అత్తగారి పేరు మీద. లోవరాజు ఒక నిమిషం ఆలోచించాడు. చెడ్డవాడు కాదు. "ఇంటి పన్ను కట్టేవాళ్ళెవరిచేతైనా, నువ్విక్కడ ఐదేళ్ళ పైనుంచీ ఉంటున్నావని రాయించి సంతకం పెట్టించుకురా. శుక్రవారం లోపు. నేను ఎక్కిస్తాను" అన్నాడు.

అతను ముందుకి వెళ్ళాక సూరమ్మ చీటీని జాకెట్లో దోపుకుంటూ వచ్చింది. "మా పండగ ఇంకా పక్షం ఉందొదినా, అదే నన్ను కాసింది. లేకపోతే నేనూ అలికేసేదాన్నే."

"నువ్వా? నీకు బద్దకం. పండగ వెళ్ళాక అలుకుతావు."

"ఆ బద్దకమే పట్టా ఇప్పించింది మరి! ఆ చివరి పాక ఐజాక్‌ని చూడు. సున్నం డబ్బులు సారా కొట్లో పెట్టాడు. వాడి నెంబరు చుక్క చెదరలేదు."

జ్ఞానమ్మకీ నవ్వొచ్చింది. సంతకం ఎంతసేపు? ఆమె నాలుగు మేడల్లో పనిచేస్తోంది.

మర్నాడు పొద్దున్నే అంట్లు తోమి, చేతులు తుడుచుకుని, చర్చి పాస్టరుగారు రాసిచ్చిన కాగితం రత్నమాణిక్యం చేతికిచ్చింది. ఆవిడ చదివి, "అయ్యో, దీనికేముందే" అని హాల్లో పేపరు చదువుకుంటున్న భర్త ఆంజనేయరాజుగారి దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన భీమవరం వైపు చేపల చెరువులు చూసుకుంటూ, ఇక్కడ కాలనీ సంఘానికి కార్యదర్శిగా ఉన్నారు. జ్ఞానమ్మ గుమ్మం ఇవతలే నిలబడింది.

ఆయన కాగితం రెండుసార్లు చదివారు.

"పద్నాలుగేళ్ళుగా, అని రాశారేంటి?"

"నిజవేనండి. జీవరాజు గోడ కట్టిన ఏడాది..."

"నిజం కాదన్లేదు. గట్టు ఖాళీ చేయించమని మేం కలెక్టరుగారికి పెట్టిన అర్జీలో, ఈ పాకలన్నీ గత రెండేళ్ళలో వెలిసినవి అని రాశాం. దానికింద మొదటి సంతకం నాది. ఇప్పుడు పద్నాలుగేళ్ళని నేనే రాసిస్తే ఏమవుతుంది?"

"మా ఒక్క పాకకేనండి రాజుగారూ."

"ఒక్కటైనా కాగితం కాగితమే."

రత్నమాణిక్యం మెల్లగా అంది, "పదకొండేళ్ళుగా మనింటికి ఎక్కణ్ణించి వస్తోందండీ మరి?"

"అది నీకూ నాకూ తెలుసు. అర్జీకి తెలియదు కదా." ఆయన కాగితం మడత చెడకుండా తిరిగిచ్చారు. ఆ మర్యాదలో లోటు రానివ్వరు. "నువ్వు మంచిదానివి జ్ఞానమ్మా, నీ మీదేం లేదు."

రత్నమాణిక్యం వంటింట్లోకి వచ్చి, గంజి పెట్టిన పాత నేతచీర ఒకటి తీసి ఇచ్చింది. జ్ఞానమ్మ తీసుకుంది. తీసుకోకపోతే కోపం వచ్చిందనుకుంటారు, రేపటి పని పోతుంది.

మిగతా మూడు మేడలకీ వెళ్ళింది. ఒకరు ఊళ్ళో లేరు. ఇద్దరు ఆ అర్జీ మీదే రెండో సంతకం, ఐదో సంతకం పెట్టినవాళ్ళు. పాస్టరుగారు తనే సంతకం పెడతానన్నారు గాని, ఆయనదీ అద్దె ఇల్లే. శుక్రవారం వెళ్ళిపోయింది.

మార్చిలో యంత్రం వచ్చింది. తాటాకు పాకలు ఒక్క తోపుకి ఒరిగిపోయాయి. జ్ఞానమ్మ గోడకి మాత్రం రెండు దెబ్బలు పట్టింది. "గట్టిగా కట్టేడమ్మా మీ ఆయన" అన్నాడు డ్రైవరు, మెచ్చుకోలుగా. జీవరాజు దగ్గుతూ మంచి ఇటుకలు వేరు చెయ్యబోయాడు. అక్కర్లేదని జ్ఞానమ్మ అతన్ని లాక్కొచ్చింది. పేర్చుకోవడానికి చోటెక్కడిది?

సూరమ్మకి కోరుకొండ రోడ్డులో, ఊరికి తొమ్మిది కిలోమీటర్ల దూరంలో, చవిటి నేలలో సెంటున్నర వచ్చింది. జ్ఞానమ్మ గోదావరి అవతల కొవ్వూరులో, చెల్లెలి వసారాకి గోనెపట్టా కట్టుకుని దిగింది. మొదటి బస్సు పట్టుకుని బ్రిడ్జి దాటి వచ్చేసరికి ఏడున్నర. పుష్కరాల పన్నెండు రోజులూ బస్సుల్లో కాలు పెట్టే సందు లేక, బ్రిడ్జి మీద నడిచే వచ్చింది. రత్నమాణిక్యంగారింటికి చుట్టాలు ఇరవైమంది దిగారు. "అంట్లు ఎండిపోతున్నాయే జ్ఞానమ్మా, కాస్త ముందు రాకూడదూ" అందావిడ ప్రతిరోజూ.

గట్టు మీద రోడ్డు బాగా వచ్చింది. మేడల కాలనీలో మాత్రం పనిమనుషులు కరువైపోయారు. తొమ్మిది కిలోమీటర్ల అవతలనుంచి సూరమ్మలాంటివాళ్ళు రావాలంటే బస్సు లేదు. ఆటోకి పెడితే జీతంలో సగం పోతుంది.

అక్టోబరులో ఒక పొద్దున ఆంజనేయరాజుగారే వంటింటి గుమ్మం దాకా వచ్చారు. చేతిలో టైపు కొట్టించిన కాగితం. "బస్సు వేయమని డిపో మేనేజరుకి అర్జీ పెడుతున్నాం జ్ఞానమ్మా. ఉదయం ఆరింటికల్లా ఇక్కడుండేలా. మీలో చదువొచ్చినవాళ్ళ సంతకం ఒకటి పైనుంటే విలువుంటుంది. నీకు సంతకం వచ్చుగా?"

వచ్చు. చర్చిలో వాక్యం చదవడం నేర్చుకున్నప్పుడే వచ్చింది. చేతులు చీరకి తుడుచుకుని కాగితం అందుకుంది. కూడబలుక్కుంటూ చదివింది. 'పదిహేనేళ్ళుగా కాలవగట్టున నివసించి, మా ఇళ్ళనే నమ్ముకుని బ్రతుకుతూ, ఇటీవల నూతన కాలనీకి తరలివెళ్ళిన పేదలు...'

పదిహేనేళ్ళు. ఆ మాట దగ్గర ఆమె వేలు ఆగింది. ఇంకా తడి ఆరని వేలు. టైపు అక్షరం కొంచెం చెదిరింది.

"ఏంటి, పెట్టు" అన్నారాయన.

"ఇందులో తప్పు పడిందండి, రాజుగారూ" అంది జ్ఞానమ్మ. "మేం వచ్చి రెండేళ్ళేనండి. మీరే రాశారు."

కాగితం ఆయనకి తిరిగిచ్చింది, మడత చెడకుండా. అంట్ల దగ్గర కూర్చుంది. రత్నమాణిక్యం పొయ్యి కట్టేసింది, మళ్ళీ వెలిగించింది.

మర్నాడు జ్ఞానమ్మ ఏడున్నరకి వచ్చేసరికి పెరట్లో అంట్లు ఎవరో తోమి బోర్లించేశారు. పెరటి తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంది.