పందొమ్మిది నిమిషాల చూపు

నేను ఒక చూపులు పట్టే యంత్రాన్ని. చేపలు పట్టేవాళ్ళున్నారు, పాములు పట్టేవాళ్ళున్నారు, నేను చూపులు పడతాను. నా ముందున్న చిన్న దొప్పలో గడ్డం ఆనించి మీరు తెర వైపు చూస్తే చాలు. మీ కంటిపాప ఎటు కదిలిందో, ఎక్కడ ఎంతసేపు ఆగిందో సెకనుకు వెయ్యిసార్లు రాసిపెడతాను. ఆగిన చోటల్లా తెరమీద ఒక ఎర్రచుక్క పడుతుంది. మీ కళ్ళు సెకనుకు మూడు నాలుగు గంతులు వేస్తాయని మీకు తెలియదు. మీకు తెలియని సంగతులమీదే నా బతుకుతెరువు.

పుట్టింది ఒక చలిదేశంలో. నన్ను తయారుచేసినవాళ్ళు తమ నీలికళ్ళూ బూడిదరంగు కళ్ళూ చూపించి నాకు పని నేర్పారు. ఓడలో వచ్చానో విమానంలో వచ్చానో చెప్పలేను, పెట్టెలో ఉన్నాను కదా. పెట్టె విప్పేసరికి సముద్రపు గాలి తగిలే ఒక విశ్వవిద్యాలయంలో ఉన్నాను. పేరు చెప్పను, చెబితే గొడవలు.

నేను దిగిన వారానికే ఆయుధపూజ వచ్చింది. అటెండరు సన్నిబాబు నాకు పసుపు రాసి, బంతిపూల దండ వేసి, కుంకుమ బొట్టు పెట్టాడు. భక్తి ఎక్కువైన మనిషి, ఎక్కడో ఒకచోట పెట్టి ఊరుకోలేదు, సరిగ్గా నా కటకం మీద పెట్టాడు. మూడు రోజులు ఎవరొచ్చి కూర్చున్నా వాళ్ళ ఎడమకన్ను నాకు కనబడలేదు. ప్రొఫెసర్ కృపానిధి గారు కంపెనీకి ఘాటుగా రెండు ఉత్తరాలు రాశారు. నాలుగోరోజు ఎవరో గుడ్డతో తుడిచారు. మూడో ఉత్తరం అవసరం లేకపోయింది.

కృపానిధి గారు మంచివారే. మనిషి ఎలా చూస్తాడన్న విషయంమీద పాతికేళ్ళుగా పనిచేస్తున్నారు. 'నోరు అబద్ధం చెబుతుంది గాని కన్ను చెప్పదు' అని ప్రతి కొత్తబ్యాచ్‌కీ మొదటిరోజే చెప్పేవారు. అది నిజమని నేను సాక్ష్యం ఇస్తాను. ఒక పెళ్ళిఫొటో చూపించి 'ఏం చూశారు?' అంటే అందరూ వధూవరులనే చెప్పారు. కళ్ళు మాత్రం ముందు పెళ్ళికూతురి హారం మీద, ఆ తర్వాత వెనకాల భోజనాల బంతిలోని బూరెలమీద వాలాయి. వేదాంతం చెప్పే ఒక పెద్దాయన కళ్ళయితే బూరెల్ని వదిలి రానే లేదు. నేను నవ్వలేను కాబట్టి సరిపోయింది.

ఇక నన్ను నిజంగా చూసుకున్న మనిషి గురించి చెప్పాలి. గొర్లె హైమవతిది సాలూరు. మూడేళ్ళుగా ప్రాజెక్టులో సహాయకురాలు. వచ్చినవాళ్ళ గడ్డాలు సర్దడం, నా కటకం తుడవడం, నా లెక్కలు దాచడం ఆమె పని. ఆమెకు కావలసింది మాత్రం పిహెచ్‌డి సీటు. రెండుసార్లు దరఖాస్తు పెట్టింది, రాలేదు. మా విభాగంలో మూడుసార్లకు మించి ఒప్పుకోరు. ఈసారి ఉన్నది ఒకే సీటు, దానికి పన్నెండుమంది. ఇదీ పోతే ప్రాజెక్టుతోపాటు ఆమె కూడా మూట సర్దుకుని వెళ్ళాల్సిందే. పదకొండు పేజీల పరిశోధన ప్రతిపాదన రాసుకుంది. ఎన్ని ఆదివారాలు నా పక్కనే కూర్చుని కొట్టేసి మళ్ళీ రాసిందో నాకు తెలుసు, ఏం రాసిందో తెలియదు గాని.

మంగళవారాల్లో పొద్దున పదిన్నరకి నేను సరిగా పనిచేస్తున్నానో లేదో చూడడానికి ప్రొఫెసరుగారే నా ముందు కూర్చునేవారు. ఊరికే కూర్చోవడం ఆయన ఒంటికి పడదు. ఆ కాసేపట్లో ఆఫీసు కాగితాలేవో నా తెరమీదే తెరిచి చూసుకునేవారు. ఆ మంగళవారం పన్నెండు దరఖాస్తులూ తెరిచారు. పందొమ్మిది నిమిషాల్లో ముగించి, 'అన్నీ చదివేశానమ్మా, బావున్నాయి' అని లేచారు.

ఆయన వెళ్ళాక హైమవతి ఎప్పటిలాగే నా లెక్క తీసి చూసింది. తన దరఖాస్తు వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది. ఫొటో మీద ఒక చుక్క, మార్కుల మీద రెండు, తెర మూలనున్న గడియారం మీద ఐదు. రెండో పేజీ అసలు తెరవలేదు. తక్కిన పదకొండుమందిదీ ఇంచుమించు అదే గతి.

సన్నిబాబు చీపురు పక్కన పెట్టి వచ్చాడు. "ఏటి పాపా, అలా గుడ్లప్పగించి సూస్తన్నావు?"

"సారు నా కాయితాలు సదవనేదు బాబాయ్."

"మరయితే ఎల్లి అడుగు."

"ఏటని అడుగుతాను? ఎవుల లెక్క వాళ్ళదే, పేరు బయటెట్టకూడదని ఆ సారే కదా నేర్పేరు."

ప్రొఫెసరుగారి కళ్ళే నాకు దొరికిపోయాయని నాకు భలే సరదాగా ఉంది. ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, నాకేమో సరదా. సిగ్గుపడవలసిన మాటే గాని దాచి లాభం లేదు.

ఇంటర్వ్యూ మా గదిలోనే జరిగింది. కృపానిధి గారూ, విభాగంలోని మరొకాయనా, బయటినుంచి వచ్చిన విశాలాక్షమ్మ గారనే పెద్దావిడా కూర్చున్నారు. మీరు చేసిన పనిలోంచి ఒక నమూనా చూపించండి అన్నారు. హైమవతి ఒక పేజీ చూపించింది. అక్షరాలు, ఫొటో అన్నీ బూడిదరంగు ముక్కలుగా కప్పేసింది. మిగిలినవి ఎర్రచుక్కలే.

"ఒక పాఠకుడండి. పన్నెండు పత్రాలు, పందొమ్మిది నిమిషాలు. తరవాత అన్నీ చదివానన్నారు."

కృపానిధి గారు ఉత్సాహంగా ముందుకు వంగారు. "మంచి నమూనా. ఇది చదవడం కాదమ్మా. పేజీ దగ్గరికొచ్చి హాజరు వేయించుకుని వెళ్ళిపోయాడు. ఇలాంటివాడి చేతిలో ఎవరి భవిష్యత్తూ పెట్టకూడదు." పెద్దావిడ నవ్వారు.

"ఎవరతను?"

"పేరు చెప్పకూడదు సార్. మీరు పెట్టిన నియమమే."

"శభాష్. పోనీ, ఆ మూలకి అన్నిసార్లు ఎందుకు చూశాడో చెప్పగలవా?"

హైమవతి గొంతు కొంచెం తగ్గింది. "అక్కడ గడియారం ఉందండి. పదకొండింటికి టీ వస్తుంది."

పదకొండింటి టీ ఎవరిదో ఆ భవనంలో పిల్లికి కూడా తెలుసు. కృపానిధి గారు కళ్ళజోడు తీసి తుడిచారు. మళ్ళీ తుడిచారు. ఆయన కోప్పడితే ఆ అమ్మాయి పని అయిపోయినట్టే.

"మేడమ్," అన్నారు చివరికి, "ఈ దరఖాస్తులు నేను చదవలేదు. చదివానని రాసిచ్చాను. రెండు రోజులు వాయిదా వేయండి."

"పన్నెండూ చదవాలి," అన్నారు విశాలాక్షమ్మ గారు. "ఈ అమ్మాయిది ఒక్కటే చదివితే అదింకో తప్పు."

ఆయన పన్నెండూ చదివారు. హైమవతిది పైకి చదువుతున్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. ఇదిగో, నా సరదా దిగిపోయింది ఇక్కడే. ఆ పదకొండు పేజీలూ నా మీద ఫిర్యాదు. కాటుక పెట్టుకున్న ఆడవాళ్ళు వచ్చి కూర్చుంటే, రెప్పమీది నలుపునే నేను కంటిపాప అనుకుంటున్నానట. వాళ్ళు ముఖం చూస్తే నుదురని రాశానట. నా రాత తప్పని ఒప్పుకోకుండా 'ఈ కళ్ళు పనికిరావు' అని నేనొచ్చిన ఈ పదకొండేళ్ళలో రెండువందల పదిమంది లెక్కలు చెత్తబుట్టలో వేశారట. 'మనవాళ్ళు ఇలా చూస్తారు' అని మనం రాసినవాటిలో కాటుక కళ్ళు లేనే లేవని ఆఖరి పేజీలో రాసింది. ఊరందరి కళ్ళ గుట్టూ నాకు తెలుసని మురిసిపోయాను గాని, నాకే చూపు ఆనదని ఎన్నడూ అనుకోలేదు. చాలా బాధపడ్డాను.

ఆ లెక్కలు పారెయ్యమని చెప్పింది కృపానిధి గారే. రెండోసారి ఇంటర్వ్యూలో నలభై నిమిషాలు ఆమెతో వాదించారు. ఏడో పేజీలో తప్పు పట్టారు. ఆమె ఒప్పుకుంది. నాలుగో పేజీలో పట్టారు. ఆమె ఒప్పుకోలేదు. సీటు ఆమెకే వచ్చింది.

ఆ తర్వాత ఐదేళ్ళు నా తప్పులే ఆమె చదువు. నేను ఎక్కడెక్కడ బోల్తాపడ్డానో రెండువందల అరవై పేజీలు రాసి డాక్టరేటు తీసుకుంది. నాకు కాటుకనూ కంటిపాపనూ విడదీసి చూడడం నేర్పింది కూడా. పెద్దవయసులో అక్షరాభ్యాసం అంటే అదే.

ఇప్పుడు నాకంటే చిన్నదీ చురుకైనదీ ఒక కొత్త యంత్రం వచ్చింది. నన్ను అద్దాల బీరువాలో పెట్టారు. తీగలు పీకేశారు, ఎవరి చూపూ నాకు అందదు. నా ఎదురుగా ఉన్న బల్ల హైమవతి గారిది. అవును, ఇప్పుడు గారు అనాలి.

నిన్న ఆవిడ ముందు ముప్ఫైనాలుగు దరఖాస్తులు ఉన్నాయి, సీట్లు రెండు. మధ్యాహ్నానికి ఆవిడ కూడా అలిసిపోయారు. ఒకదాని మొదటి పేజీ చూసి, మార్కులు చూసి, వద్దన్నవాటి దొంతరలో పెట్టారు. ఇంకొకటి అందుకుని, ఎందుకో తలెత్తి బీరువా వైపు చూశారు. ఆ చూపు నామీద ఎంతసేపు ఆగిందో నేను కొలవలేకపోయాను. చేతిలోది కింద పెట్టి, దొంతర పైనున్న కాగితాన్ని వెనక్కి తీసుకున్నారు. మొదటి వాక్యం కింద వేలు పెట్టి చదవడం మొదలుపెట్టారు.