ఎడమ సంచి

తుంగభద్ర కాలువలో నీళ్ళు పారిన అయిదో ఏట, సిరుగుప్ప దగ్గరి మా క్యాంపులో వరి బాగా పండింది. భక్తి అంతకన్నా బాగా పండింది. కృష్ణా జిల్లా నుంచి వచ్చి అక్కడ పొలాలు చేస్తున్న పాతిక కుటుంబాలూ మొదటి నీళ్ళు చూసిన రోజునే హంపి విరూపాక్షస్వామికి కొత్త బియ్యం మొక్కుకున్నాయి. ఆ మొక్కు అయిదేళ్ళుగా అటక మీదే ఉంది. పని తెమలదు, ఎండ తగ్గదు, బస్సులో చోటు దొరకదు. స్వామి ఎక్కడికి పోతాడులే అని అందరికీ ధైర్యం.

వెంకటరత్నానికి మాత్రం ఆ ధైర్యం లేదు. కిందటేడు ఆయన భార్య పున్నమ్మ విషజ్వరంతో మూడు వారాలు మంచం పట్టినప్పుడు, "స్వామీ, ఈమెను నాకు దక్కించు. బస్సూ రైలూ ఎక్కకుండా, నా కాళ్ళ సత్తువతోనే చైత్ర పున్నమి తేరుకు వస్తాను" అని మొక్కుకున్నాడు. పున్నమ్మ లేచి తిరుగుతోంది. తేరు వారంలోకి వచ్చేసింది. నడుద్దామంటే మోకాలు పట్టేస్తోంది.

"సైకిలు తొక్కేది కూడా కాళ్ళే కదండీ" అంది పున్నమ్మ. శాస్త్రం అంతటితో తేలిపోయింది.

ఆయన సైకిలు, ఆనకట్ట పని ముగించుకుని పోతూ ఒక ఇంజనీరు వదిలేసి వెళ్ళింది. ఉక్కుదే గాని సన్నటి గొట్టాలు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, బొటనవేలంత టైర్లు. దాన్ని సిరుగుప్పలో సైకిలుషాపు యల్లప్ప దగ్గరికి తీసుకెళ్ళాడు.

"ఏందప్పా రత్నప్పా, పరుగెత్తేకి పుట్టిన గుర్రం మీద గోతాలు ఏస్తాండావా?" అన్నాడు యల్లప్ప. "ఉక్కు మంచిదే, మోస్తాది. కానీ బరువు కిందికుండాల, రెండు పక్కలా బరాబర్ ఉండాల. లేదంటే నిన్ను దేవుని తావుకి కాదు, కాలవలోకి తీసకపోతాది."

ఇనపకడ్డీలతో క్యారియరు బిగించి, వెనకచక్రానికి అటొకటి ఇటొకటి గోనెసంచులు వేలాడదీశాడు.

మర్నాడు పొద్దున్నే క్యాంపు పెద్ద శివరామకృష్ణయ్య శేరు బియ్యం మూటతో వచ్చాడు. "ఎట్లాగూ వెళ్తున్నావుగా రత్నం, ఇదొక్కటి స్వామికి అందించు. నీకూ పుణ్యం." ఆయన శేరు ఇచ్చాడని తెలిసి పెదబాబు రెండు శేర్లు తెచ్చాడు. మధ్యాహ్నానికి పాతిక ఇళ్ళ మొక్కులూ అటక దిగాయి.

"అవునూ, మా మూట ఎటు వేశావు?" అని పెదబాబు అడిగాడు.

"ఎడమ సంచిలో, బాబాయ్."

"ఎడమా! ఎడంచేత్తో పిల్లిక్కూడా అన్నం పెట్టమే, స్వామి బియ్యం ఎడమన కడతావా?"

దాంతో అందరికీ తమ మూట గుర్తొచ్చింది. బియ్యమంతా కుడిసంచిలోకి మారింది. వెంకటరత్నం చెయ్యి వదలగానే సైకిలు కుడివైపు ఒరిగి సరిగ్గా పెదబాబు కాలి మీద పడింది. కాలు దులుపుకుంటూ ఉపాయం కూడా ఆయనే చెప్పాడు. ఎడమవైపు రాళ్ళు కట్టాలట. కాలువగట్టు మీది రాళ్ళు తెచ్చి, త్రాసులో బియ్యానికి సరితూచి, ఎడమ సంచి నింపారు. తూకంలో ఎవ్వరూ అన్యాయం చేయలేదు.

సంచులు పరీక్షించడానికి వచ్చిన యల్లప్ప లోపలికి తొంగిచూశాడు. "ఊరంతా బండలుండే హంపికి రాళ్ళు మోసేవాణ్ణి నిన్నే చూస్తాండా రత్నప్పా!"

వెంకటరత్నం నవ్వలేకపోయాడు. పెద్దల మాట కాదనడం ఆయనకు చేతకాదు.

కురుగోడు దాటాక, రెండోరోజు ఎండలో, వెనకచక్రం టప్‌మంది. రెండు స్పోకు పుల్లలు విరిగాయి. తేరు మర్నాడే. చక్రం ఇంకాస్త వంకరపోతే సైకిలు కదలదు, ఈ మోకాలితో నడక సాగదు. అంతలో బస్సొకటి పక్కనే ఆగింది. "బర్రీ యజమాన్రే! సైకిల్ మేల హాకోణ, జాగా ఐతి!" అంటూ, సైకిలు పైన వేద్దాం, చోటుంది రమ్మని కండక్టరు బస్సు పైకప్పు చూపిస్తూ పిలిచాడు. అయిదేళ్ళుగా క్యాంపువాళ్ళకు దొరకని చోటు ఆ బస్సులో బోలెడంత ఉంది.

వెంకటరత్నం చెయ్యి ఊపి బస్సును పంపేశాడు. తుమ్మచెట్టు నీడలో కూర్చుని సంచుల వంక చూశాడు. సగం బియ్యం, సగం రాళ్ళు. ఈ వరి నాటిన కూలిమనిషి యంకమ్మ నారుకట్ట ఏ చేత్తో పట్టుకుంది? ఎడమచేత్తోనే. పోనీ, స్వామి తన ఎడమపక్కన ఎవరిని కూర్చోబెట్టుకున్నాడు? అమ్మవారిని. ఆయనకు పనికొచ్చిన ఎడమ మా క్యాంపుకు ఎందుకు పనికిరాలేదు?

లేచి రాళ్ళన్నీ చెట్టు మొదట్లో పోశాడు. బియ్యం రెండు సంచుల్లోకీ సమంగా సర్దాడు. విరిగిన పుల్లల్ని పక్క పుల్లలకు చుట్టాడు. సైకిలు తేలిగ్గా కదిలింది. దీపాలవేళకు హంపి చేరి, మర్నాడు కదిలే తేరుకు ఎదురుగా నిలబడి, "వచ్చాను స్వామీ" అన్నాడు. గుడివాళ్ళు రెండు సంచులూ ఒకే రాశిలో గుమ్మరించారు. ఏది ఏ పక్కదని ఎవరూ అడగలేదు.

అడగడానికి క్యాంపు ఉంది కదా.

"మాది కుడిపక్కే వెళ్ళిందిగా?" అన్నాడు పెదబాబు, వెంకటరత్నం తిరిగి రాగానే, ప్రసాదం తీసుకోకముందే.

చేతిలో స్వామి కుంకుమ పెట్టుకుని అబద్ధమాడలేక వెంకటరత్నం జరిగింది చెప్పాడు. "స్వామికి ఎడమపక్కన ఉన్నది అమ్మవారే కదా బాబాయ్. అది తక్కువ చోటని ఎట్లా అంటాం?"

అందరూ తలలూపారు. శివరామకృష్ణయ్య కళ్ళు మూసుకుని, "నిజమేరా" అన్నాడు. ఇంతమందికి ఒక మంచిమాట తలకెక్కిందని వెంకటరత్నం ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

మళ్ళీ చైత్రం వచ్చింది. సైకిలు బయటికి తీయగానే పెదబాబు నాలుగు శేర్ల మూటతో పరుగెత్తుకొచ్చాడు. "ఎడమ సంచిలో వెయ్యి రత్నం! అమ్మవారి పక్క!" ఆయన వెనకే శివరామకృష్ణయ్య అయిదు శేర్లతో వచ్చాడు. మధ్యాహ్నానికి ఎడమ సంచి మూతి బిగియలేదు. కుడి సంచి ఖాళీగా వేలాడుతోంది.

కొత్త పుల్లలు బిగిస్తున్న యల్లప్ప తల పైకెత్తకుండానే అడిగాడు.

"రత్నప్పా, రాళ్ళు ఈసారి ఈ పక్కనా?"