ఇద్దరు మార్గరెట్లు

చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ కూర్చున్న సావిత్రికి రామలింగం కొత్త అధ్యాయం చదివి వినిపిస్తున్నాడు. హన్మకొండలో చరిత్ర లెక్చరర్‌గా రిటైరైన దగ్గర్నుంచి ఆయన ఒకటే పుస్తకం రాస్తున్నాడు. ఎప్పుడో వందల ఏళ్ల కిందట ఇంగ్లండులో బతికిన రాస్మియర్ ప్రభువు వాల్టర్ జీవితం అది. యుద్ధాలు, కోట, రాజుతో తగాదాలు అయిపోయి ఇప్పుడు ఆయన కుటుంబం దగ్గరికొచ్చింది.

“వాల్టర్‌కు ఆరుగురు సంతానం. విలియం, మార్గరెట్, హెన్రీ, మార్గరెట్...”

“మార్గరెట్ రెండుసార్లు వచ్చింది. జర చూసుకోండ్రి.”

“తప్పు కాదు. మొదటి పిల్ల పసితనంలనే పోయింది. తర్వాత పుట్టినదానికి మళ్ల అదే పేరు పెట్టుకున్నరు.”

“పోయిన పిల్లను గూడ లెక్కల రాసిన్రా?”

“రాయక? పుట్టింది కద. ఆయన సమాధి మీద ఆరుగురి బొమ్మలు చెక్కిన్రు. పోయిన పిల్లది జర చిన్నగ, పొత్తిగుడ్డల చుట్టినట్టు ఉంటది.”

ఆయన పేజీ తిప్పాడు. సావిత్రి చేతిలో కాయ అట్లాగే ఉండిపోయింది.

వాళ్లకు కొడుకు శశాంక్ కన్నా ముందు ఒక ఆడపిల్ల పుట్టింది. ఇరవై ఒకటో రోజు పేరు పెట్టుకుందామనుకున్నారు. ఆ రోజు రాకముందే జ్వరంతో పోయింది. రామలింగమే ఎత్తుకుపోయి సొంతూరు రఘునాథపల్లిలో తమ మెట్టపొలం, చెలకలో పాతిపెట్టి వచ్చాడు. ఆ తర్వాత ఆ పిల్ల మాట ఆయన నోట రాలేదు. సావిత్రి ఎత్తితే లేచి బయటికి పోయేవాడు.

ఇప్పుడు అదే చెలకలో ఆయన తల్లి సమ్మమ్మ సమాధి తయారవుతోంది. సంవత్సరీకం నాటికి నల్లరాయి నిలబెట్టాలి. దాని మీద పిల్లల పేర్లు, మనుమలు మనుమరాండ్ర పేర్లు చెక్కించాలి.

“అత్తమ్మ రాయి మీద మన బిడ్డ పేరు గూడ రాయించుండ్రి,” అంది సావిత్రి.

రామలింగం కళ్లజోడు తీశాడు. లేచి పోతాడనుకుంది. పోలేదు.

“దానికి పేరేడున్నది?”

“ఉన్నది. యమున.”

“అది చెల్లె శకుంతల బిడ్డ పేరు.”

“ముందు నా బిడ్డదే. కడుపుల ఉన్నప్పుడే అనుకున్న. అత్తమ్మకొక్కదానికే చెప్పిన. తర్వాత మీ చెల్లెకు ఆడపిల్ల పుడితే అత్తమ్మ ఆ పేరే పెట్టింది. మరిచిపోయి పెట్టిందో, మనసుల ఉంచుకొని పెట్టిందో తెల్వది. నేను అడగలే.”

“ఇన్నేండ్లు నాకెందుకు చెప్పలే?”

“మీరు ఎన్నడన్న విన్నరా?”

ఆయన చాలాసేపు కాయితాలు సర్దాడు. తర్వాత ఫోన్ తీసి, రాయి చెక్కే పోశయ్యకు పంపాల్సిన పేర్లు టైప్ చేసి ఆమెకు చూపించాడు. మనుమలు, మనుమరాండ్రు: యమున, శశాంక్, యమున, మహిపాల్.

సావిత్రి దాన్ని రెండుసార్లు చదువుకుంది. శశాంక్‌కన్నా, శకుంతల పిల్లలిద్దరికన్నా ముందు తన యమున ఉంది.

“మీ వాల్టరు పుణ్యమా అని నా మాట విన్నరు. ఆయనకో దండం,” అంది.

ఆ వారమంతా ఆమె పని చేసుకుంటూ ఆ పేరు పెదవుల మీదే అనుకునేది. అంతకుముందు మేనకోడలిని పిలవడానికి తప్ప ఆ పేరు పలికింది లేదు.

సంవత్సరీకం రోజు అందరూ చెలక దగ్గర చేరారు. ట్రాలీ ఆటోలోంచి రాయి దించి నిలబెట్టాక, పోశయ్య దాని మీది గోనెసంచి తీశాడు.

శశాంక్, యమున, మహిపాల్.

సావిత్రి మళ్లీ పైనుంచి చదివింది.

“ఒక పేరు రెండుసార్లు పడ్డదమ్మా,” అన్నాడు పోశయ్య. “కొట్టేముందే సార్‌కు ఫోన్ చేసిన. లేకుంటే రాయి ఖరాబ్ అవుతుండె.”

సావిత్రి భర్త వైపు చూసింది. ఆయన దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు.

“ఆయన ఫోన్ చేసినప్పుడు శకుంతల పక్కనే కూసున్నది. పోయిన పిల్ల పేరు నా బిడ్డకు పెట్టిన్రా అని ఏడుస్తదేమోనని... నాకు నోరు రాలే సావిత్రీ.”

“ఏమన్నరు?”

“తప్పు పడ్డది, తీసెయ్యమన్న.”

“తప్పు అన్నరా?”

“వేరే రాయి చేయిస్త,” అన్నాడాయన.

“వద్దు.”

అంతలో శకుంతల కూతురు యమున కొబ్బరి ముక్కలు పంచుతూ వచ్చి రాయి ముందు ఆగింది. వంగి తన పేరును వేలితో తడిమింది.

“అత్తమ్మా, చూసినవా? అమ్మమ్మ పెట్టిన పేరు, అమ్మమ్మ రాయి మీదనే. మంచిగ వచ్చింది కద?”

సావిత్రి కొంగుతో ఆ అక్షరాల మీది రాతిపొడి తుడిచింది. లోపల ఇరుక్కున్నది రాకపోతే గోటితో తీసింది.

“మంచిగ వచ్చింది బిడ్డా,” అంది.